పాదలేపము

మనుచరిత్రమునందు మిక్కిలి తక్కువ చోటు నాక్రమించిన వస్తువు, మిక్కిలి యెక్కువ పని చేసిన వస్తువును నొకటియే. అది సిద్ధుడు ప్రవరుని పాదములకు బూసిన మందు. పెద్దన దానికి రెండు మూడు పద్యములకంటె నెక్కువ తావీయలేదు. పూయుట యొక పద్యము. పూసినవాడు తన దారిని బోవుటయు, పూయించుకొన్నవాడు హిమగిరికి జేరుటయు నొక్క కందములో ముగిసినవి. కరగిపోవుట మరికొన్ని మాటలు. పిమ్మట కావ్యము ముగియువరకు దాని పేరెత్తువారు లేరు. అయినను ఆ మందే లేకున్న వరూధిని లేదు, మాయాప్రవరుడు లేడు, స్వరోచి లేడు, స్వారోచిషమనువును లేడు. ఒక మన్వంతరము గడపవలసిన మనువు, మంచునీటిలో గరగిన యింత పసరునుండి పుట్టెను.

వరూధినీ ప్రవరుల సంవాదమును గూర్చి తెలుగున వ్రాయబడినదంతయు జేర్చినచో నొక చిన్న గ్రంథాలయ మగును. ప్రవరుని నిగ్రహము గొప్పదా, వరూధిని యనురాగము గొప్పదా యను వాదము తరగతి గదులలో నేటికిని తెగలేదు, తెగవలసిన యవసరమును లేదు. ఆ వాదపు సందడిలో లేపమును గూర్చి యడుగువారు తక్కువ. అడిగినవారు సాధారణముగా విద్యార్థులు. వారి ప్రశ్న సూటిగా నుండును: మంచు తగిలిన మందు కరగునని సిద్ధుడు ముందుగా నేల చెప్పలేదు? దీనికి గురువు లిచ్చు సమాధానము కూడ నలవాటైనదే. చెప్పియున్నచో కథయే లేదు కదా యని నవ్వి, తరువాతి పద్యమునకు బోవుదురు. ఆ సమాధానము నిజమే కాని చాలదు. కథకు గావలసిన ప్రతి పొరపాటునకును కథలోపల నొక కారణము చూపుట పెద్దనవంటి కవికి జేతనగును. చూచినచో నది కావ్యములోనే యున్నది.

మొదట ఆ మందు పుట్టిన లోకమును జూడవలెను. పాదలేపము పెద్దన కల్పన కాదు. మార్కండేయపురాణములోనే యున్నది, ఆ పురాణమును మారన తెనిగించెను. సంస్కృతములో సిద్ధుడు మంత్రౌషధుల ప్రభావముచే సగము దినములో వేయి యోజనములు పోగలనని చెప్పును. లేపము పూయించుకొన్న బ్రాహ్మణుడు, పోవుటకు సగము దినము, వచ్చుటకు మిగిలిన సగము దినము అని మనసులో లెక్క గట్టుకొని బయలుదేరును. ఆ లెక్క తప్పులేనిది. రెండు సగములు కలిసిన నొక దినమే యగును. అతని లెక్కలో లేనిది మంచొక్కటే.

బౌద్ధుల వజ్రయానములో ఖడ్గము, అంజనము, పాదలేపము, అంతర్ధానము, రసరసాయనము, ఖేచరము, భూచరము, పాతాళము అని యెనిమిది మహాసిద్ధులు చెప్పబడినవి. అందు మూడవది యిదియే. తెలుగునేలకు సిద్ధులు కొత్తవారు కారు. నిత్యనాథసిద్ధుని రసరత్నాకరములో శ్రీశైలపరిసరముల సిద్ధిస్థలముల ప్రసక్తి గలదు. 15వ శతాబ్దమున గౌరన నవనాథచరిత్రమును ద్విపదగా వ్రాసెను; ఆ రచనకు శ్రీశైలమందలి మఠముతో సంబంధము గలదు. కృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలెను. ఆయన సభలో మనుచరిత్రము వినినవారికి ఓషధులు కట్టుకొని తిరుగు సిద్ధుడనగా నెక్కడో గంధర్వలోకములోని వ్యక్తి కాడు. తీర్థములలో తాము చూచినవాడో, చూచితిమని చెప్పువారిని చూచినవాడో. అద్భుతవస్తువునకు గావలసిన నమ్మకము సగము వినువారియొద్దనే సిద్ధముగా నుండెను. కవి మిగిలిన సగమును మాత్రమే సమకూర్చుకొనవలసి వచ్చెను.

ఈ లేపమునకు జైనవాఙ్మయములో నొక చక్కని కథ యున్నది. దానిని మనుచరిత్రము ప్రక్కన బెట్టి చదివినవారికి ప్రవరుని గతి వేరుగా గనపడును. పాదలిప్తాచార్యుడని యొక జైనాచార్యుడు. ప్రాకృతమున తరంగవతి యను కథ రచించినవాడు. మూలము లభింపక తరువాతివారి సంక్షేపము మాత్రమే మనకు మిగిలినది. ఆయనను సాతవాహనుల సభతో ముడిపెట్టు సంప్రదాయము గలదు గనుక తెలుగువారికి బొత్తిగా పరాయివాడు కాడు. పేరులోనే లేపమున్న ఆ మహనీయుడు ప్రతిదినము పాదములకు మందు పూసికొని, ఆకాశమార్గమున బోయి దూరతీర్థములు సేవించి మరల నివాసమునకు వచ్చుచుండెను. నాగార్జునుడను సిద్ధుడు శిష్యుడై చేరి, వచ్చిన గురువు పాదములు కడుగుచు, ఆ కడిగిన నీటిని వాసనచే, రుచిచే బరీక్షించి, అందలి మూలికలను నూటయేడింటిని గుర్తించెను. వానిని సేకరించి నూరి తన పాదములకు బూసికొని యెగిరెను. కోడివలె కొంత యెత్తు లేచి గోతిలో బడెను. దెబ్బలు చూచి గురువు విషయ మడిగెను. శిష్యుడు దాచలేదు. గురువు అతని సూక్ష్మబుద్ధికి సంతోషించి, మందును బియ్యపుగడుగుతో నూరవలెనను నొక్క మాట చెప్పెను. ఆ కృతజ్ఞతచే నాగార్జునుడు శత్రుంజయగిరి పాదమున గురువు పేర నొక పట్టణము నిర్మించెననియు, గుజరాతులోని నేటి పాలితాణా యదియే యనియు జైనులు చెప్పుదురు. 1300 ప్రాంతమునాటి ప్రబంధములలో నీ కథ ప్రసిద్ధము.

నూటయేడు మూలికలు తెలిసియు, ఇంటింట పారబోయు బియ్యపుగడుగు తెలియకపోవుట! ఈ కథ నల్లినవాడెవడో గాని గురుశిష్యుల సంగతి బాగుగా నెరిగినవాడు. నాసికతో, నాలుకతో, తెలివితో దొంగిలింపదగినదంతయు నాగార్జునుడు దొంగిలించెను. మిగిలిన యొక్కటి గురువు నోట వినవలసినది.

ఈ కథలో మరియొకటి గమనింపవలెను. ఇక్కడ లేపము కడుగబడుచున్నది. కాని యెప్పుడు? గురువు ఇల్లు చేరిన పిమ్మట. బయటినుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొని లోనికి వచ్చుట ఈ దేశమంతట నున్న యాచారము. పాదలిప్తుని మందు పని ముగించుకొని, గడపయొద్ద నీటిలో గలియుచున్నది. ప్రవరుని మందును నీటిలోనే గలిసెను. అయితే గడప యిక్కడ, నీరక్కడ. ఒకే మందు, ఒకే నీరు. కడిగిన చోటు మాత్రము వేయి యోజనముల తేడా.

ఇక విద్యార్థుల ప్రశ్న. ప్రవరుని యింటికి వచ్చిన సిద్ధుడు తాను చూచిన తీర్థముల నేకరువు పెట్టును. కేదారము చూచెను, హింగుళాదేవి పాదములు కొలిచెను, ప్రయాగమున మాధవుని సేవించెను, బదరి చూచెను. హింగుళ నేడు పాకిస్తానులోని బలూచిస్తానమున నున్నది, ఎడారి మార్గము. కేదారమును బదరియు మంచుకొండల నడుమ నున్నవి. అనగా నీ సిద్ధుడు మంచు త్రొక్కనివాడు కాడు. ప్రవరుడు చిక్కుకొన్న హిమగిరి ప్రాంతమునే యతడు పలుమారు నడచి వచ్చినవాడు. అతని కాళ్ల లేపము మాత్రము కరగదా? కరగియే యుండును. కరగినప్పుడు మరల పూసికొనియుండును. మందు అతని చెంతనే యున్నది. దాని గుణమెరిగినవానికి, దగ్గర నుంచుకొన్నవానికి మంచొక యడ్డంకి కాదు. ఎండలో నడచువానికి దాహమువంటిది. దాహము వేసిన నీరు త్రాగవలెనని యెవరు నెవరికిని హెచ్చరిక చేయరు. సిద్ధుడు చెప్పకపోవుట మరపు గాని, కుటిలము గాని కాదు. అతనికి చెప్పవలెనని తోచదు, అంతే. ఏండ్ల తరబడి యొక పనిలో నున్నవారు కొత్తవారికి చెప్పక విడుచునది ఎల్లప్పుడు నిట్టిదే. బియ్యపుగడుగువంటి సంగతి.

పెద్దన ఇంకను సూక్ష్మముగ నొక యేర్పాటు చేసెను. అతిథిగా వచ్చిన సిద్ధునికి ప్రవరుడు అర్ఘ్యపాద్యాదు లిచ్చి పూజించెను. పాద్యమనగా కాళ్లు కడుగుకొనుటకు నీరు. అప్పుడు సిద్ధుని కాళ్లకు లేపమున్నచో నది ప్రవరుడిచ్చిన నీటితోనే పోయియుండవలెను. సిద్ధుని కాళ్లకు నీరందించినవాని కాళ్లకే సిద్ధుడు మందు పూయుచున్నాడు. ప్రవరుడు తన చేతులతో నిచ్చిన నీటిలోనే తన లేపమునకు గలుగబోవు గతి యున్నది. అతడు దానిని జూడలేదు. కవి ఇది యుద్దేశించెనని సాధించుట కష్టము. ఉద్దేశింపలేదని సాధించుటయు నంతకంటె సులభము కాదు.

ప్రవరుడు పుచ్చుకొన్నదెట్టిదో చూడుడు. అతడు మందు నేర్చుకొనలేదు. మందు తెచ్చుకొనలేదు. తన చేతితో పూసికొననైన లేదు. సిద్ధుడు పూసెను, వెళ్లిపోయెను. ప్రవరునకు దక్కినది రెండు పాదముల మేర, ఒక్క పూత. పాదలిప్తుడు విద్యను గలవాడు. నాగార్జునుడు విద్యను మొదట దొంగిలించి, పిమ్మట గురుముఖమున బొందినవాడు. ప్రవరుడు విద్య లేక ఫలమును మాత్రము పొందినవాడు. 11వ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున, పుత్రకుని కథలో, మరియొక తెరగు గనపడును. మయుని కొడుకులిద్దరు పాదుకలకు, కర్రకు, పాత్రకు పోరాడుచుండగా, పరుగులో గెలిచినవానివి వస్తువులని పుత్రకుడు వారిని పరుగెత్తించి, తాను పాదుకలు తొడిగికొని మూడింటితో నెగిరిపోవును. ఆ పాదుకలు అతని నెప్పుడును మోసగింపలేదు. పాటలియను రాజకుమార్తెను దెచ్చుకొనుటకును, గంగ యొడ్డున దిగుటకును నవియే సాధనములు. కర్రతో నేలపై గీచిన గీత పాటలిపుత్రమయ్యెను. మోసముచే దెచ్చుకొన్న వస్తువు కడవరకు పని చేయుటయు, సత్కారమునకు సంతోషించి యిచ్చిన వస్తువు నడుమ నడవిలో విడిచిపోవుటయు కథాలోకపు న్యాయములు. నీతిశాస్త్రముతో వానిని గొలువరాదు. కాని యొక భేదము వస్తువులోనే యున్నది. పాదుక విప్పవచ్చును, తొడుగవచ్చును, దాచవచ్చును, చూచుకొనవచ్చును. ఉన్నదో లేదో కంటికి దెలియును. లేపము చర్మములో గలిసి తన కాలివలెనే యుండును. పోయినప్పుడు సవ్వడి లేదు, బరువు తగ్గినట్లు తోచదు. తిరిగి పోవలెనని యడుగెత్తువరకు అది పోయినట్లు తెలియదు.

ప్రవరుని లేపము పోయినది ఎట్లు? నిలిచిన చోట నిలిచి కొండకు దండము పెట్టి వచ్చియున్నచో బహుశః పోయెడిది కాదు. అతడు తిరిగెను. చరియలు చూచెను, సెలయేళ్లు చూచెను, ఇంటిలో గూర్చుండి తీర్థవాసులను ప్రశ్నించి యేండ్లుగా విన్నవెల్ల గన్నులార చూచెను. చూచిన కొలది నడచెను, నడచిన కొలది మందు తరిగెను. తనను గొనివచ్చిన శక్తిని ఆ చూపుల వేడుకకే వెచ్చించుచున్నాడని యెరుగడు. ప్రబంధములో హిమవద్వర్ణన యవసరమునకు మించినదని యాక్షేపించువారు గలరు. ఆ వర్ణన పొడవే లేపము కరగిన సమయము. ప్రతిపద్యమునకు నింత మందు పోవుచున్నది. పాఠకుడు కొండయందమున దగుల్కొని లేపము మాట మరచినప్పుడు, ప్రవరుడు మరచిన మరపే యతనికిని గలిగినదన్నమాట. మధ్యాహ్నమైనది, ఇక బోవుదమనుకొన్న క్షణమున నిద్దరును గలిసి మేల్కొందురు.

అప్పుడు ప్రవరునకు జ్ఞప్తికి వచ్చినవి తల్లిదండ్రులు, భార్య, శిష్యులు, అతిథులు, అగ్నులు. ఇందులో తీర్థ మొక్కటియు లేదు. అంతకుముందు ఇంటిలో నున్నంతకాలము అతనికి జ్ఞప్తికి వచ్చినవి తీర్థములే. ఇంట నున్నవానికి కొండ, కొండ మీద నున్నవానికి ఇల్లు. తల్లిదండ్రులను ఊరిలో విడిచి రెండు రాత్రుల రైలు ప్రయాణపు దూరమున చదువుకొను తెలుగు విద్యార్థులు ఈ ఘట్టము వచ్చునప్పుడు పుస్తకమునుండి తల యెత్తుదురు. వరూధిని రాక కొరకు ఎదురుచూచుచు మొదటి పుటలు త్రిప్పినవారే ఇక్కడ నాగుదురు. తిరుగు టిక్కెట్టు కొనక బయలుదేరిన బ్రాహ్మణుడని ఎవడో ఒకడు నవ్వులాటకు అనును. నవ్వు కొంచెముగానే వచ్చును.

దిక్కు తెలియక తిరుగుచు గాలిలో వచ్చిన పరిమళముల జాడ పట్టి ప్రవరుడు వరూధిని చెంతకు జేరెను. అతడు ఆమె నడిగినది త్రోవ. ఆమె చెప్పినదంతయు త్రోవ తప్ప వేరు. ఇరువురి సంభాషణము సుప్రసిద్ధము. ఇచట ఎత్తుకొనవలసిన పని లేదు. లేపము వైపునుండి చూచినచో నొక సంగతి మాత్రము చెప్పవలెను. వరూధిని ఓడిపోవుటకు, ప్రవరుడు గెలుచుటకు ముందే, లేపమొకటి ఓడిపోయియున్నది. అది మిగిలియున్నచో ప్రవరుని నిగ్రహమునకు బరీక్షయే లేదు. ఆమెను జూచి నమస్కరించి యెగిరిపోయెడివాడు. పోలేనివాడు పోవలెననుటలోనే గట్టితనము గలదు. ద్వారము తెరచియున్న యింటిలో ఉండనని పట్టుపట్టుట గొప్ప కాదు కదా.

తుదకు ప్రవరుని ఇల్లు చేర్చినది అగ్ని. తప్పక వేల్చిన హోమములను జ్ఞాపకము చేసి యతడు ప్రార్థించెను; అగ్ని అతని దేహమున బ్రవేశించెను; అతడు ఇల్లు చేరెను. నిత్యాగ్నిహోత్రమే యతనిని తీర్థములకు బోనీయక ఇంట గట్టివేసినది. ఆ కట్టే యిప్పుడు మోసికొని వచ్చినది. లేపము పాదములకు బైపూత, అగ్ని లోపల. ఒకటి అతిథి యిచ్చినది, మరియొకటి తాను పెంచుకొన్నది. దీనిని ఆధారము చేసికొని పెద్దన కర్మమార్గమును నిలిపి సిద్ధుల మార్గమును తక్కువ చేసెనని వాదింపవచ్చును. తొందరపడరాదు. అగ్నికి ప్రవరుడు చేసినది ప్రతిదినసేవ. సిద్ధునికి చేసినది ఒక్కపూట ఆతిథ్యము. ప్రతిఫలములు సేవల కొలదినే యున్నవి.

కథాలోకపు వస్తువు లన్నియు నిట్లు అడ్డము తిరుగవు. కళాపూర్ణోదయమున పింగళి సూరన ఒక మణిని గల్పించెను. అది హృదయమునకు సోకగనే పసిబిడ్డ పూర్వజన్మకథ పలుకజొచ్చును. మధిర సుబ్బన్నదీక్షితులు కాశీమజిలీకథలలో మణిసిద్ధుని చేతి కొక మణి నిచ్చెను. దాని మహిమచే మజిలీకొక కథ పుట్టును. ఇవి మరపును జెరచు వస్తువులు. మరి 1957లో వచ్చిన మాయాబజారు చలనచిత్రమున ప్రియదర్శిని యను పేటిక గలదు. దానిలోనికి జూచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనదే కనపడును. శశిరేఖకు అభిమన్యుడు కనపడెను, బలరామునకు సుయోధనుడు, కృష్ణునకు శకుని. కృష్ణునకు శకుని కనపడుట పింగళి నాగేంద్రరావుగారి రచనలో మెరుపు; ఒక్క వస్తువుచే పాత్రలోతు చూపుట పూర్వకవుల విద్యయే. ప్రవరుడు ఆ పేటికలోనికి అరుణాస్పదమున జూచియున్నచో హిమగిరి కనపడెడిది. హిమగిరిపై జూచియున్నచో అరుణాస్పదము కనపడెడిది. వరూధినికి ఏది కనపడునో చెప్పనక్కరలేదు. ఆమెకు రెండు చోట్లను నొక్కటే. ఆ యొక్కటి గంధర్వుడు మాయచే ధరించి వచ్చినప్పుడు ఆమె గుర్తింపలేకపోయెను. పేటిక దగ్గర నున్నను ఆమెకు మేలు జరిగియుండదు. అందును ఆ రూపమే కనపడును గదా.

మాయాప్రవరుని సంగతికి వచ్చినప్పుడు లేపము మరల జ్ఞప్తికి రావలెను. గంధర్వుడు పైరూపము నంతయు బూసికొనినవాడు. అతని పూత కరగలేదు. కావలసినంతకాలము నిలిచెను, కావలసినప్పుడు అతడే విడిచిపోయెను. నిజమైన ప్రవరుని కాలికి బూసిన మందు ఒక మధ్యాహ్నమునకు జాలకపోగా, దొంగప్రవరుని నిలువెల్ల బూతకు కొరత రాలేదు. వరూధిని దుఃఖమునకు సాక్షులైన పాఠకులకు ఈ తేడా చిన్నదిగా దోచదు. పెద్దన ఆమెను మోసమెరుగనిదానిగనే విడిచెను. స్వరోచి పుట్టెను, కావ్యము ముందుకు సాగెను.

ప్రవరుడు ఇల్లు చేరి నిత్యకృత్యములలో బడెను. ఆ పిమ్మట తీర్థవాసు లెవరైన నతని యింట దిగినప్పుడు, పూర్వమువలె దూరదేశముల ముచ్చట లడిగెనా, ఊరక కాళ్లకు నీరిచ్చి విస్తరి వేసెనా యన్నది కవి చెప్పలేదు. సిద్ధుడును మరల రాలేదు. మిగిలిన మందు అతనితోడనే పోయెను.